నేరేడువంక టెంకల గుట్ట

చిత్తూరు,
12 మార్చి 2001.

అత్తా,

నువ్వూ మామా బాగున్నారని నాయన చెప్పాడు. ఇది ఇంటి ఉత్తరమే కానీ, సగం ఆఫీసు ఉత్తరం కూడా. ఫోన్ చేద్దామనుకున్నాను. మీ ఊరి బూతులో మునస్వామి మనం మాట్లాడేది మన కన్నా శ్రద్ధగా వింటాడు కదా, అందుకని కాగితం తీశాను.

పోయిన వారం తిరుపతిలో మా పరిశ్రమల ఆఫీసు ఒక సమావేశం పెట్టింది. మద్రాసు, బెంగుళూరు, హైదరాబాదు నుంచి కంపెనీల వాళ్ళు ఇరవై మంది దాకా వచ్చారు. మన జిల్లాలో పంట చేతికొచ్చాక మనం పారేసే వాటితో, అంటే వేరుశనగ పొట్టు, చెరకు పిప్పి, మామిడి టెంకలు, వీటితో ఏమేం చేయవచ్చో వాళ్ళకు చెప్పి ఇక్కడ పెట్టుబడి పెట్టించాలని ప్రభుత్వం ఆశ. స్థలం మేము చూపిస్తాం, కరెంటు తొందరగా ఇప్పిస్తాం, పన్ను కొన్నేళ్ళు వాయిదా వేయిస్తాం. ఆ జాబితా అంతా తయారు చేసింది నేనే. ఉద్యోగంలో చేరి ఆరు నెలలైనా కాలేదు, మైకు ముందు నిలబడి చదివింది కూడా నేనే.

అందరి కళ్ళూ భోజనాల హాలు వైపే ఉన్నాయి. ఒక్కాయన మాత్రం రాసుకుంటూ విన్నాడు. పేరు సుందరరాజు, మద్రాసులో ఒక కంపెనీ కెమిస్టు. మామిడి టెంకలోని జీడి నుంచి వాళ్ళు కొవ్వు తీస్తారట. సబ్బుల్లో, చాక్లెట్లలో వేస్తారట. ఆయన ఒకే ప్రశ్న అడిగాడు: "టెంకలు ఎక్కడున్నాయి, ఎన్ని ఉన్నాయి?" నా నోట మీ ఊరి పేరు వచ్చేసింది.

కాబట్టి చెంగయ్య జ్యూస్ ఫ్యాక్టరీ పక్కన ఉన్న గుట్ట సంగతి నాకు వివరంగా రాయి. ఇంకొక మాట. ఆ ఊరి సర్పంచ్‌వైన నువ్వు నా మేనత్తవని మా ఆఫీసు పెద్ద, జి.ఎం. రామచంద్ర గారికి చెప్పలేదు. సొంతవాళ్ళ ఊరికి కంపెనీని తోలుకుపోతోంది అంటారేమోనని భయం. నువ్వు కూడా ఎవరితోనూ అనవద్దు.

నవీన

*

నేరేడువంక,
25 మార్చి 2001.

చి. నవీనకు అత్త దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ ఉద్యోగం నాకు ఇప్పటికి అర్థమైంది. సర్కారుకూ కంపెనీలకూ పెళ్ళి సంబంధాలు కుదిర్చే పని. మంచిదే. కాకపోతే మా ఊరి పిల్లకు కొంచెం వాసన ఎక్కువ.

గుట్ట గురించి అడిగావు. మామిడి కాలం యాభై రోజులు. రోజుకు ఎనిమిది ట్రాక్టర్ల టెంకలు బయట పడతాయి. చెంగయ్య మాత్రం ఏం చేస్తాడు? తన పొలంలోనే పోస్తాడు. తొమ్మిదేళ్ళ నుంచి పోస్తున్నాడు. అడుగున కుళ్ళింది కుళ్ళుతుంటే పైన కొత్తది పడుతుంది. జూన్ వచ్చిందంటే ఈగలు. పోయినేడు వానలకు గుట్ట రసం తాగునీళ్ళ బావిలోకి దిగింది. పిల్లలకు వాంతులు, విరేచనాలు. అక్కమ్మ మనవణ్ణి తిరుపతి ఆసుపత్రిలో ఆరు రోజులు పెట్టారు.

ఆ తర్వాత గ్రామసభలో ఏమైందో మీ నాయనకు కూడా చెప్పలేదు. సగం ఊరు లేచి ఫ్యాక్టరీకి తాళం వేద్దామంది. అక్కడ పని చేసేది మన ఊరి ఆడవాళ్ళే, అరవై రెండు మంది. ఆ యాభై రోజుల కూలి మీద ఏడాది ఈదే ఇళ్ళు అవి. అక్కమ్మ కోడలు కూడా అందులో ఉంది. ఏ వైపు మాట్లాడాలో తెలియక ఆమె సభలో చెంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. నేను లేచి ఒక మాట అన్నాను. "ఈ ఏడు, వచ్చే ఏడు, రెండేండ్లు నాకియ్యండి. 2002 జూన్‌లో తోతాపురి కాయ వచ్చేలోగా ఆ గుట్టకు నేను దారి చూపిస్తా. చూపీకుంటే తాళం నా చేత్తోనే ఏస్తా" అన్నాను. అనడం సులభమే. ఆ రోజు నుంచి గుట్ట నా నెత్తి మీద ఉన్నట్టే ఉంది.

గుట్ట పోవాలి, ఫ్యాక్టరీ ఉండాలి. మీ సుందరరాజు ఆ రెండూ చేస్తానంటే ఆయన కాళ్ళు కడిగి నీళ్ళు చల్లుకుంటాను.

బంధుత్వం సంగతి నేను చూసుకుంటాను. మీ మామ నోటికి మాత్రం నేను పూచీ పడలేను.

మునిరత్నమ్మ

*

చిత్తూరు,
30 జూన్ 2001.

అత్తా,

వస్తున్నారు! జూలై 14, శనివారం, పది గంటలకు. సుందరరాజు గారు, మా జి.ఎం., నేను. మండలాఫీసు నుంచి నీకు కాగితం కూడా వస్తుంది.

ఆయన గుట్ట చూసి, టెంకలు కొన్ని సంచుల్లో వేసుకుని మద్రాసు తీసుకుపోయి పరీక్ష చేస్తాడు. పరీక్ష బాగుంటే వాళ్ళు రేణిగుంటలో షెడ్డు పెడతారు, లారీలు పంపి టెంకలు ఏ రోజువి ఆ రోజే ఎత్తుకుపోతారు. షెడ్డుకు స్థలం జి.ఎం. గారు ఇప్పటికే చూసి ఉంచారు. నువ్వు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. జీపు పోయేలా దారి ఉంటే చాలు. ఊరు కొంచెం మర్యాదగా కనిపించేలా చూడు.

మనం ఒకరికొకరం తెలియము, గుర్తుంది కదా?

నవీన

*

నేరేడువంక,
16 జూలై 2001.

నవీనా,

మేడం గారూ అని రాయాలేమో, తెలియలేదు. నీ మెడలో దండ వేస్తూ "నమస్కారం మేడం" అన్నప్పుడు నువ్వు నవ్వు ఆపుకోలేక దగ్గావు చూడు, జి.ఎం. గారు పాపం నీకు మంచినీళ్ళు తెప్పించారు. మీ మామ అలవాటు కొద్దీ "ఏం మే, చిక్కిపొయినావు" అని నోరు తెరవబోయాడు. కాలు తొక్కాను. ఇప్పటికీ కుంటుతున్నాడు.

మొత్తానికి బాగా జరిగిందనే అనుకుంటున్నాను. నీకు ఎట్లా అనిపించింది? దారికి మట్టి తోలించాం. బడి పిల్లలు వరసగా నిలబడ్డారు. అంతకు ముందు రోజు రాత్రి ఒక జల్లు పడి దుమ్ము అణగడం మన అదృష్టం. గుట్ట దగ్గర ఒక్క ఈగ కనబడలేదు, చూశావా? పెద్దవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుని నిలబడాల్సి వస్తుందేమోనని నేను నాలుగు రోజులు నిద్ర పోలేదు.

సుందరరాజు గారు మంచి మనిషి. గుట్ట ముందు కూర్చుని, కొత్త టెంకలు ఏరి, ఒకటి రాయితో పగలగొట్టి జీడి వాసన చూశాడు. ముఖం కొంచెం చిట్లించాడు. "ఎన్నమ్మా ఇది, ఫ్యాక్టరీలో కడిగే మందు వాసనా?" అని అడిగాడు. పండ్లు మందు నీళ్ళతో కడుగుతారు గదా సార్, అదే అయి ఉంటుంది అని చెంగయ్యే చెప్పాడు. మూడు సంచులు కట్టించుకుని పోయాడు.

వాళ్ళు పోయాక అక్కమ్మ మా వాకిట్లోకి వచ్చి అడిగింది. "ఏం సర్పంచమ్మా, కొంటారా ఈ టెంకలు? మా కోడలు పనికి పోవచ్చునా వచ్చే ఏడు?" అని. పోవచ్చు అన్నాను. అనకూడదేమో, నోరు ఊరుకోలేదు.

పరీక్ష సంగతి తెలియగానే రాయి.

మునిరత్నమ్మ

*

చిత్తూరు,
3 సెప్టెంబరు 2001.

అత్తా,

ఎట్లా రాయాలో తెలియడం లేదు, అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. పరీక్ష పోయింది.

టెంకల్లో క్లోరిన్ ఉందట. తీసిన కొవ్వు తినే వాటికి కాదు కదా, సబ్బుకు కూడా పనికి రాదట. ఫ్యాక్టరీలో మందు నీళ్ళు అడ్డూ అదుపూ లేకుండా వాడి, ఆ నీళ్ళు గుట్ట మీదికే వదులుతున్నారని సుందరరాజు గారి అనుమానం. ఇటువంటి చోట మేము పెట్టుబడి పెట్టలేమని కంపెనీ ఒక పేరా ఉత్తరం రాసి చేతులు దులుపుకుంది.

జి.ఎం. గారు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. "తాగునీటి బావి పక్కనే క్లోరిన్ నీళ్ళు వదిలితే మనం చూస్తూ ఊరుకోకూడదమ్మా, చర్య తీసుకోమని పైకి రాయాలి" అన్నారు. ఆ కాగితం వెళితే ఫ్యాక్టరీని మూయించడం ఖాయం. ఊరివాళ్ళ తాళంతో పని ఉండదు.

చెంగయ్య నిజంగానే మందు నీళ్ళు వదులుతున్నాడా? రహస్యంగా కనుక్కుని రాయి. ఇంటికి వచ్చి ఏడ్చానని నాయనకు చెప్పకు.

నవీన

*

నేరేడువంక,
12 సెప్టెంబరు 2001.

నవీనకు,

ఉత్తరం అందింది. ఇక్కడ వానలు పరవాలేదు. వేరుశనగ ఊడలు దిగింది. మీ మామకు మోకాలు నొప్పి, పాకాల డాక్టరు నూనె రాయమన్నాడు. మీ నాయన తిరుమల మెట్లు ఎక్కుతానని మొక్కుకున్నాడట, ఈ వయసులో వద్దని చెప్పు. నువ్వు వేళకు తిను.

చెంగయ్య సంగతి తర్వాత రాస్తాను.

మునిరత్నమ్మ

*

చిత్తూరు,
18 సెప్టెంబరు 2001.

అత్తా,

నేను అడిగింది ఒకటి, నువ్వు రాసింది మామ మోకాలు గురించి. నీ ఉత్తరాలు ఇంత పొట్టిగా ఉండడం నా జన్మలో చూడలేదు. చెంగయ్య నిన్ను ఏమన్నా బెదిరించాడా? లేకపోతే ఊళ్ళో ఏమైనా జరిగిందా?

కాగితం టైపు అయిపోయింది. అక్టోబరు ఒకటిన జి.ఎం. గారు సంతకం పెడతారు. అంతలోగా నాకు నిజం తెలియాలి. మన వాళ్ళెవరైనా సరే, దాచకు.

నవీన

*

నేరేడువంక,
23 సెప్టెంబరు 2001.

నవీనా,

చెంగయ్య ఏ మందు నీళ్ళూ వదల్లేదు. అది నేను చేసిన పని.

మొదటినుంచి రాస్తాను. మీరు వస్తున్నారని మండలాఫీసు కాగితం వచ్చింది. అధికారులు వస్తున్నారంటే మా పంచాయతీలో చేసే మొదటి పని ఏమిటో నీకు తెలియదు, ఆఫీసు జీపులో కూర్చున్న వాళ్ళకు తెలియదు. బ్లీచింగ్ పొడి చల్లడం. దారికి రెండు వైపులా తెల్ల గీత గీసినట్టు చల్లుతాం. ఎవరూ చెప్పనక్కర లేదు. నా ముందున్న సర్పంచూ చల్లాడు, అంతకు ముందున్న ఆయనా చల్లాడు. మలేరియా ఆఫీసరు వచ్చినా అదే, ఓట్ల పెట్టెలు వచ్చినా అదే.

శుక్రవారం సాయంత్రం పంచాయతీ నీళ్ళు వదిలే వెంకటముని వచ్చి, "అక్కా, దారికి సల్లేసినాను. ఇంకా మూడు మూటలు మిగిలుండాయి. ఏం జేద్దాం?" అన్నాడు. నేను గుట్ట దాకా పోయి చూశాను. ఈగలు నల్లగా ముసిరి ఉన్నాయి. పిల్లనిచ్చే ఇంటికి పెళ్ళివారు వస్తుంటే పెంటదిబ్బ కంటి ముందు పెట్టుకుంటామా? "ఆడ ముందర పక్క సల్లు, కొత్త టెంకల మింద. వాసన రాకూడదు, ఈగ వాలకూడదు" అన్నాను. మూడు మూటలూ చల్లాడు. ఆ రాత్రి జల్లు పడింది. పొడి కరిగి లోపలికి దిగిపోయింది, పొద్దున్నే పైన తెలుపు కనబడలేదు. ఒక్క ఈగ కనబడలేదు చూశావా అని నీకు గొప్పగా రాసింది ఎవరు? నేనే. ఆయన కూర్చుని టెంకలు ఏరింది కూడా సరిగ్గా అక్కడే.

ఆయన వాసన చూసి అడిగినప్పుడు చెంగయ్య ఏదో చెప్పాడు. పాపం అతనికి తెలియదు. నేను పక్కనే ఉన్నాను. చల్లింది మేమే సార్ అనడానికి నోరు రాలేదు. తప్పని తెలిసి కాదు. పెళ్ళిచూపుల్లో పిల్లకు పౌడరు ఎక్కువ రాశామని ఎవరు చెప్పుకుంటారు? దానివల్ల ఇంత పని అవుతుందని నాకు తట్టలేదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు.

నీ మూడో తేదీ ఉత్తరంలో క్లోరిన్ అని చదివాను. వెంకటముని మూట మీద ఉన్న అక్షరాలు చూసి వచ్చి అదే పేరు చెప్పాడు. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. నీకు రాయాలని కూర్చుంటే చేతికి మోకాలి నొప్పులు, వేరుశనగ ఊడలే వచ్చాయి. సిగ్గే. భయం కూడా. ఊరికి మాట ఇచ్చి, ఆ మాటను నా చేత్తోనే చెడగొట్టానని తెలిస్తే రేపు సభలో ఎట్లా నిలబడాలి? నేను గమ్మునుంటే నింద చెంగయ్య మీదికి పోతుంది, నా పేరు బయటికి రాదు. పది రోజులు అట్లా అనుకున్నాను నవీనా. నిజంగా అనుకున్నాను. నిన్న అక్కమ్మ కోడలు ఫ్యాక్టరీ ముందు కూర్చుని తోటివాళ్ళకు చెబుతోంది, వచ్చే ఏడు కూలి డబ్బుతో పిల్లవాణ్ణి బళ్ళో వేస్తానని. ఇక నా వల్ల కాలేదు.

దీనితో పాటు ఇంకో కాగితం పెట్టాను. జరిగిందంతా రాసి, సంతకం చేసి, పంచాయతీ ముద్ర వేశాను. జి.ఎం. గారికి ఇవ్వు. నా పదవి పోతే పోనీ. చెంగయ్య మీద ఆ కాగితం పోకూడదు.

నీకు తలవంపులు తెచ్చాను. కోపం ఉంటే తిట్టి రాయి, రాయకుండా మాత్రం ఉండకు.

మునిరత్నమ్మ

*

చిత్తూరు,
2 అక్టోబరు 2001.

అత్తా!

సంతకం పడలేదు. ముందు అది రాస్తున్నాను, నువ్వు ఊపిరి పీల్చుకో.

నీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది, చాలా వచ్చింది. తర్వాత పౌడరు దగ్గర నవ్వు వచ్చింది. ఆ తర్వాత ఏడుపు వచ్చింది. మా పక్కింటి ఆవిడ కిటికీలోంచి చూసి నాకు పెళ్ళి కుదిరిందేమో అనుకుంది.

నిన్న పొద్దున నీ కాగితం జి.ఎం. గారి బల్ల మీద పెట్టాను. చివరిదాకా చదివి, కళ్ళద్దాలు తీసి, "ఈమె మీకేమవుతుందమ్మా?" అని అడిగారు. "మా మేనత్త సార్" అన్నాను. "ఇది ఆఫీసు అడ్రసుకు రాకుండా మీ చేతికి వచ్చినప్పుడే అనుకున్నాను. సొంత ఊరు కావడం తప్పు కాదు. దాచడం తప్పు. ఫైల్లో రాయండి" అన్నారు. ఆయన ముందే రాశాను.

ఆ తర్వాత ఆయన సొరుగు తెరిచారు. "పదిహేను రోజుల ముందు మండలానికి కబురు పంపింది ఎవరు? నేను. మేము వస్తున్నామంటే ఊళ్ళో ఏం చల్లుతారో ముప్పై ఏళ్ళుగా చూస్తున్నవాణ్ణి. తిలా పాపం తలా పిడికెడు" అంటూ టైపు చేసిన కాగితాన్ని రెండు ముక్కలు చేశారు. నా ఎదురుగానే మద్రాసుకు ఫోన్ చేశారు. సుందరరాజు గారు అవతల ఎంతసేపు నవ్వారంటే, జి.ఎం. గారు రిసీవరు చెవికి దూరంగా పెట్టుకున్నారు.

ఇప్పుడు అసలు చిక్కు విను. ఆయన మళ్ళీ పరీక్ష చేస్తానన్నారు. కానీ కొత్త టెంకలే కావాలి, పాత గుట్ట పనికి రాదు. అంటే వచ్చే జూన్. ఫ్యాక్టరీ నడవాలి, టెంకలు పడాలి, ఆయన తీసుకుపోవాలి, ఫలితం రావాలి. దానికి పదిహేను రోజులు పడుతుంది. మీ ఊరి గడువేమో కాయ వచ్చేలోగా. ఆ పదిహేను రోజులు ఊరివాళ్ళు ఆగుతారా? అడగవలసింది నువ్వే. ఏం జరిగిందో చెప్పకుండా అడగలేవు. నాకు తెలుసు అది ఎంత కష్టమో.

నవీన

*

నేరేడువంక,
29 అక్టోబరు 2001.

చి. నవీనకు,

అడిగాను.

నిన్న గ్రామసభ. మైకు వద్దన్నాను. బ్లీచింగ్ చల్లించింది నేనేనని, పరీక్ష పోయింది నా వల్లేనని మొత్తం చెప్పాను. వెంకటముని లేచి "అక్క తప్పు గాదు, సల్లింది నేను" అన్నాడు. కూర్చోమన్నాను. చెంగయ్య తల వంచుకుని నేల చూస్తున్నాడు. నింద తన మీద పడబోయిందని అతనికి అప్పుడే తెలిసింది.

వెనక నుంచి ఒకాయన అరిచాడు. "నీ మాటకు రెండేండ్లు ఇస్తిమి. ఇంగా పదైదు దినాలంటే? ఆ నీళ్ళు తాగేది మా బిడ్డలు గదా?" అని. న్యాయమైన మాటే.

అప్పుడు అక్కమ్మ లేచింది. ఈమె నన్ను ఇంకా కడిగేస్తుంది అనుకున్నాను. మనవణ్ణి ఆసుపత్రిలో పెట్టుకున్నది ఆమే కదా. "ఏమబ్బా, నేనొకటి అడగతా. పోయినేడు ఆఫీసరు మా ఈదికి వచ్చినాడు. అప్పుడు మీ ఇంటి ముందర పొడి సల్లలేదా? నువ్వు సల్లలేదా? ఈ సభలో సల్లనోడు ఎవడుండాడో సెయ్యెత్తండి" అంది. ఒక్క చెయ్యి లేవలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తల తిప్పుకున్నాను. "ఆ యమ్మ జెప్పకుంటే మనకు తెలిసేదే గాదు. తెలిసి జెప్పింది. పదైదు దినాలు ఇస్తాం. బావి నీళ్ళు మాత్రం పొయ్యి మింద కాంచుకుని తాగుదాం" అని కూర్చుంది.

ఇచ్చారు. జూన్ పదిన ఫ్యాక్టరీ తెరుస్తారు, ఇరవై ఐదు సాయంత్రం దాకా గడువు. ఆ తర్వాత తాళం. తాళం వేయాల్సింది నేనే. ఆ మాట మారలేదు.

ఇన్నాళ్ళకు కడుపు నిండా అన్నం తిన్నాను. చెప్పేసిన తర్వాత ఇంత తేలిగ్గా ఉంటుందని తెలిస్తే జూలైలోనే చెప్పేదాన్ని.

మునిరత్నమ్మ

*

నేరేడువంక,
14 జూన్ 2002.

నవీనా,

మీ సుందరరాజు వచ్చి పోయాడు. వస్తున్నట్టు నీకు కూడా చెప్పలేదట కదా?

పన్నెండో తేదీ పొద్దున్నే బస్సు దిగి, ఎవరినీ అడగకుండా నేరుగా గుట్ట దగ్గరికి నడిచాడు. ట్రాక్టరు టెంకలు దించిపోయిన చోట ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని ఏరుతున్నాడు. అక్కమ్మ పొయ్యి కట్టెలకు పోతూ చూసింది. "యారయ్యా నువ్వు? మా టెంకలు ఎత్తకపోతా ఉండావే!" అని కేకలు. ఏడాదిన్నర కిందట ఎవరైనా మోసుకుపోతే దండం పెట్టేది, ఇప్పుడు టెంకల మీద ఎంత మమకారమో చూడు. నేను పరుగెత్తుకు పోయేసరికి ఆయన రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు.

నన్ను చూసి, "సర్పంచమ్మా, ఈసారి ఏమీ చల్లలేదే?" అన్నాడు. అక్కడున్న ఆడవాళ్ళంతా ఒక్కసారి నా ముఖం చూశారు. "లేదు సార్. ఈగలు అన్నీ ఉండాయి, లెక్క పెట్టుకోండి" అన్నాను. ఎన్ని ఈగలు వాలినా తోలుకోకుండా గంటసేపు కూర్చున్నాడు. జీడి పగలగొట్టి వాసన చూసి, ఈసారి ముఖం చిట్లించలేదు. కానీ ఏమీ చెప్పలేదు. మజ్జిగ తాగి, సంచి భుజాన వేసుకుని పాకాల బస్సు ఎక్కాడు.

ఇంకా పదకొండు రోజులు. తాళం కొనుక్కొచ్చి అటక మీద పెట్టాను. మీ మామ దాన్ని చూసినప్పుడల్లా ముఖం తిప్పుకుంటున్నాడు.

మునిరత్నమ్మ

*

చిత్తూరు,
21 జూన్ 2002.

అత్తా,

పరీక్ష బాగుంది. బాగుంది అత్తా! సుందరరాజు గారు రాసింది చూసి రాస్తున్నాను: "కొవ్వు శుభ్రంగా ఉంది, తెల్లగా ఉంది, మేము అనుకున్న దానికన్నా ఎక్కువ వచ్చింది." రేణిగుంటలో జి.ఎం. గారు ఫిబ్రవరిలోనే కేటాయించి ఉంచిన షెడ్డు తాళం చెవులు నిన్న కంపెనీకి ఇచ్చేశాం. కరెంటు కనెక్షన్ ఇప్పించడానికి నేను నాలుగుసార్లు తిరిగాను. ఆ తిరుగుడు గురించి ఒక రోజంతా చెప్పగలను, ఇప్పుడు వద్దు.

మొదటి లారీ ఇరవై నాలుగున వస్తుంది. పాత గుట్టను కూడా ఎత్తుతారు. కుళ్ళినదాన్ని ఎరువుకు పంపిస్తారట, అది వానలయ్యాక.

ఈ ఉత్తరం నీకు ఇరవై నాలుగు లోగా అందకపోతే ఏమవుతుందోనని నిన్న బూతుకు ఫోన్ చేసి మునస్వామితోనే చెప్పాను. నీకు చెప్పమన్నాను. నీతో పాటు ఊరంతటికీ చెప్పి ఉంటాడు. ఈసారికి చెప్పనీ.

మా ఆఫీసులో అందరూ నన్ను అభినందించారు. "ఆ ఊరు నీకెట్లా తెలుసు?" అని కొత్తగా వచ్చిన గుమాస్తా అడిగాడు. "సర్పంచ్ మా అత్త" అని హాలంతా వినిపించేలా చెప్పాను.

నవీన

*

నేరేడువంక,
7 జూలై 2002.

చి. నవీనకు,

లారీలు వస్తున్నాయి. రోజుకు మూడు, కొత్త టెంక ఒక్కటీ నిలవడం లేదు. మొదటి లారీ వచ్చిన నాడు ఫ్యాక్టరీ ఆడవాళ్ళు పని ఆపి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. టెంకలు ఎత్తుతుంటే చూడటానికి ఏముంటుంది? అయినా చూశారు. లారీ మలుపు తిరిగేదాకా అక్కమ్మ కోడలు కదల్లేదు. ఇరవై ఐదున సాయంత్రం నేను గేటు దగ్గరికి పోయాను. నా చేతిలో తాళం లేదు. ఊరికే నిలబడి, షిఫ్టు దిగి వచ్చే వాళ్ళను ఒక్కొక్కరినీ పలకరించి ఇంటికి వచ్చాను.

ఈరోజు మధ్యాహ్నం మీ మామకు ఏం తోచిందో పీట తెచ్చి వాకిట్లో వేసుకున్నాడు. "అన్నం ఈడికే తేమే" అన్నాడు. పెట్టాను. కొంతసేపటికి ఎదురింటి వాళ్ళూ బయటే కూర్చున్నారు. వీధిలో అందరూ ఒకరి కంచంలోకి ఒకరు చూసుకుంటూ, పులుసులు ఇచ్చి పుచ్చుకుంటూ తిన్నారు.

నీకు ఎప్పుడూ రాయనిది ఒకటుంది. ఈ పదేళ్ళలో మామిడి కాలంలో నిన్ను ఒక్కసారి కూడా రమ్మనలేదు. ఒక ఏడు ఇంటికి వెల్ల వేయిస్తున్నామని, ఒక ఏడు ఊళ్ళో అమ్మవారు పోసిందని ఏదో ఒక సాకు రాశాను. ఒకసారి నువ్వు బట్టలు సర్దుకున్నాక కూడా వద్దని కబురు పంపాను. అత్తకు నా మీద ప్రేమ లేదని మీ నాయనతో అన్నావట. అది విని రెండు రోజులు ఏడ్చాను కానీ, కారణం మాత్రం చెప్పలేదు. తలుపులన్నీ మూసుకుని, ఒక చేత్తో ఈగలు తోలుకుంటూ ఇంకో చేత్తో తినే ఇంట్లో, నా తమ్ముడి బిడ్డకు అన్నం ఎట్లా పెట్టేది?

వచ్చే ఆదివారం రా నవీనా. పాకాలలో దిగి మా ఊరి బస్సు ఎక్కు. మామిడికాయ పప్పు చేస్తాను. తలుపులన్నీ తెరిచే ఉంటాయి.

మునిరత్నమ్మ